కాకినాడ గడియారం, అండమాన్ ఎండ

నెల జీతం వదులుకుని ఫ్యామిలీ ఫోటోగ్రఫీలోకి దిగేవారు ఎక్కడైనా ముందు డబ్బు లెక్క వేసుకుంటారు. అండమాన్‌లోని డైరీ ఫార్మ్ పేటలో అంతకంటే ముందు పొద్దు లెక్క చూసుకోవాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబర్ నుంచి శ్రీవిజయపురంలో, జంగ్లీఘాట్‌కు దగ్గరగా ఉన్న ఈ పేటలో నవంబర్ చివర సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. ఆఫీసు వదిలి ఇంటికొచ్చి కెమెరా సంచి భుజాన వేసుకునేసరికి చీకటి పడిపోతుంది. ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో ఫోటోలు తీసుకోవచ్చు కదా అనే సలహా హైదరాబాద్‌లో చెల్లుతుంది గానీ ఇక్కడ చెల్లదు.

తప్పు గడియారానిది. దేశం టైమ్‌కు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ ఉన్నది 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున తేడా సుమారు 40 నిమిషాలు. కాకినాడలో సూర్యుడూ గడియారమూ ఒక మాట మీద ఉంటాయి. అక్కడి నుంచి దీవులకు వచ్చి స్థిరపడిన వాళ్లకు సొంతూరి టైమే పొసగకుండా పోయింది. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఈశాన్య రాష్ట్రాలకూ అండమాన్‌కూ గంట ముందుండే రెండో టైమ్‌ను ప్రతిపాదించారు. అది అమలుకు రాలేదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీకి పనిచేయడం తేలికైంది, టైమ్ బాధ మాత్రం ఇంకా పెరిగింది. అక్కడి మేనేజరు నాలుగున్నరకు మీటింగ్ పెడతాడు. అక్కడది టీ వేళ. ఇక్కడ నవంబర్ సాయంత్రం ఫోటోకు పనికొచ్చే ఎండ ఉండేది ఆ అరగంటే.

జీతం వదిలి కెమెరా పట్టడం కొత్త సంగతేమీ కాదు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన లాలా దీన్‌దయాళ్ ఇందోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ 1870లలో ఫోటోలు మొదలుపెట్టారు. తర్వాత కొలువు వదిలి, 1885లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. మగవాడి ముందుకు రాని ఇల్లాళ్లను ఆ ఏర్పాటు కెమెరా ముందు కూర్చోబెట్టింది. ఇందోర్‌లో కొలువూ కెమెరా కొన్నాళ్లు కలిసి సాగాయంటే కాలమూ కలిసొచ్చింది. దేశానికంతటికీ ఒకటే టైమ్ అన్న పద్ధతి 1906లో గానీ రాలేదు, అప్పటిదాకా చాలాచోట్ల ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే.

స్టూడియో మాటకొస్తే డైరీ ఫార్మ్‌కూ గోదావరి జిల్లాలకూ పోలికే లేదు. అక్కడి పాత స్టూడియోల్లో వెనక తాజ్‌మహల్ తెర, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, చేతిలో వైరు లేని ఫోన్ రిసీవర్ ఉండేవి. "గడ్డం కొంచెం దించమ్మా" అంటూ ఫోటోగ్రాఫర్ వేలితో ముఖం సరిచేసేవాడు. బయట పొద్దు గుంకినా ఆ తాజ్‌మహల్ మీద వెన్నెల తరిగేది కాదు. దీవుల్లో అసలు సముద్రమే ఉండగా తెర ఎవరూ అడగరు.

పని దొరకడం కష్టం కాదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లే. చాలా ఇళ్లకు మూలాలు శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ రెండు రోజులకు పైగా ప్రయాణం కనుక బారసాలకు, అన్నప్రాశనకు అమ్మమ్మలందరూ రాలేరు. వాళ్లకు చేరేది ఆల్బమే. అందుకే బిడ్డ ముఖంతో పాటు మేనమామ పెట్టిన బట్టలు, కాళ్ల కడియాలు, పళ్లెంలో సర్దిన సారె కూడా విడివిడిగా, స్పష్టంగా పడాలి.

సాయంత్రం దొరకని ఎండ తెల్లవారుజామున దొరుకుతుంది. కార్బిన్స్ కోవ్ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది, మే నెలలో అక్కడ ఐదింటికే సూర్యోదయం. వాన కడిగిన గాలిలో ఆ లేత ఎండకు సాటి కోస్తాలో అరుదు. కాకపోతే నాలుగింటికే లేచి పట్టుబట్టలు కట్టుకుని సిద్ధంగా ఉండేది తాతయ్య ఒక్కరే. ఫోటో ఎవరికోసమో ఆ పిల్ల మాత్రం భుజం మీద నిద్రపోతుంటుంది. సూర్యాస్తమయం కావాలంటే చిడియా టాపుకు మధ్యాహ్నమే బయలుదేరాలి. ఉద్యోగులున్న ఇంట్లో దానికి ఆదివారమే దిక్కు. వదిలించుకున్న ఆఫీసు టైమ్ ఇలా గిరాకీల రూపంలో మళ్లీ ఎదురవుతుంది.

కెమెరాకు అసలు శత్రువు తేమ. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట లెన్సును బీరువాలో పెట్టి మరిచిపోతే, టార్చి వేసి చూసినప్పుడు గాజు లోపల సాలెగూడు పోగుల్లాంటి బూజు కనిపిస్తుంది. అది లోపల పెరుగుతుంది కాబట్టి గుడ్డతో తుడిస్తే పోదు. డ్రై క్యాబినెట్, అది కొనేదాకా సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బా తప్పనిసరి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను సంచిలోనే కాసేపు ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.

ఇక డబ్బు. ఆషాఢం, మూఢం రోజుల్లో శుభకార్యాలుండవు, వానల నెలల్లో పర్యాటకులు పలచబడతారు. ఈ రెండూ ఒకేసారి వచ్చే కాలానికి ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ముందే పక్కన పెట్టుకున్నవారే రాజీనామా ఇవ్వాలి. సగం అడ్వాన్సు తీసుకోవడం, ఎన్ని ఫోటోలు, ఎన్ని ప్రింట్లు, ఎప్పటికి అనేది కాగితం మీద రాసుకోవడం మొహమాటపడే పనులు కావు. "మనవాళ్లే కదా" అన్నచోట ఆ కాగితం మరీ అవసరం.