ఎనిమిది ఔట్ల దూరంలో



ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నాం. బేస్‌బాల్. మన ఊళ్ళో ఈ ఆట ఎవరూ ఆడరు, చూసేవాళ్ళూ లేరు. మొన్న అక్టోబరులో ఒక శనివారం మందిరం ఊడ్చడానికి వచ్చిన అక్కలు మాత్రం, మేమిద్దరం అరుగు మీద ఫోను పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూసి, "ఏమండీ పాస్టరుగారూ, ఎవరికైనా సీరియస్‌గా ఉందా?" అని కంగారుపడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదమ్మా, ఆట జరుగుతోంది అని చెప్పడానికి సిగ్గేసింది. ఆ సంగతి ఈరోజు పూర్తిగా చెప్పుకుంటాం.

మా తమ్ముడు కుటుంబంతో సియాటెల్‌లో ఉంటాడు. వాడి కొడుకు అక్కడే పుట్టాడు. ఆదివారం ఫోను చేస్తే వాడు తెర ముందుకు వచ్చి, "హాయ్ పెద్దనాన్నా, హాయ్ పెద్దమ్మా, బాగున్నాను, బై" అని పారిపోయేవాడు. వాడి తప్పేం లేదు. వాడికీ మాకూ మధ్య మాట్లాడుకోవడానికి ఏముంది? "బాగా చదువుతున్నావా, అన్నం తిన్నావా" అన్న రెండు ప్రశ్నలే మా దగ్గర ఉండేవి.

2022 అక్టోబరు 16, ఆదివారం. ఆరాధనకు ముందు, పొద్దున్న ఎనిమిదింటికి ఫోను చేశాం. అక్కడ ఇంకా శనివారం సాయంత్రమే. తొమ్మిదేళ్ళ పిల్లవాడు సోఫాలో ముడుచుకుని ఏడుస్తున్నాడు. ఎవరు కొట్టారు నాన్నా అంటే, మారినర్స్ ఓడిపోయారన్నాడు. మాకు అర్థం కాలేదు. ఎవరు వాళ్ళు, ఎలా ఓడారు అని అడిగాం. అంతే, ఎప్పుడూ అర నిమిషం నిలబడని వాడు ఇరవై నిమిషాలు చెప్పాడు. సియాటెల్ మారినర్స్ తమ సొంత మైదానంలో ప్లేఆఫ్ మ్యాచ్ ఆడి 21 ఏళ్ళయిందట. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగియాల్సిన ఆట పద్దెనిమిది ఇన్నింగ్స్ జరిగిందట. పదిహేడు ఇన్నింగ్స్ దాకా రెండు జట్లకూ సున్నాయే. చివరికి హ్యూస్టన్ జట్టు ఒకే ఒక్క పరుగుతో గెలిచిందట.

ఆ రోజు మందిరంలో ఏం ప్రసంగించామో మాకు గుర్తులేదు. వాడు చెప్పింది మాత్రం అంతా గుర్తుంది. అలా ఆట నేర్చుకున్నాం, పిల్లవాడి కోసమే.

తెలియని వారికోసం కొంచెం చెబుతాం. అమెరికా, కెనడాలలో కలిపి పెద్ద జట్లు 30. ఒక్కొక్క జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు ప్రతిరోజూ ఆటే. మన క్రికెట్‌లా వారానికి రెండు మ్యాచ్‌లు చూసి ఊరుకోవడం ఉండదు. మంచి జట్టు కూడా అరవై, డెబ్బై సార్లు ఓడుతుంది. గొప్ప బ్యాటరు కూడా పది సార్లలో ఏడు సార్లు ఔటై వెనక్కి వస్తాడు. ఓటమి అలవాటు లేనివాడు ఈ ఆటను అభిమానించలేడు.

అందులోనూ మావాడు అభిమానించే జట్టు అలాంటిలాంటిది కాదు. మారినర్స్ అంటే నావికులు. 1977లో మొదలైంది ఆ జట్టు. ఆ 30 జట్లలో వరల్డ్ సిరీస్ అనే ఆఖరి పోటీకి ఒక్కసారైనా చేరని జట్టు ఇదొక్కటే. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచారు. 1906లో షికాగో కబ్స్ పెట్టిన రికార్డుతో సమానం అది. ఆ ఏడు కూడా ఆఖరి పోటీకి వెళ్ళలేకపోయారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. 2022లో ఆ కరువు తీరింది. 2023లో మళ్ళీ ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ తప్పిపోయింది. 2024లోనూ ఒక్క మ్యాచే తేడా.

ఆ ఒక్క మ్యాచ్ ఏది? మావాడిని పీడించిన ప్రశ్న అదే. ఏప్రిల్‌లో చేతిలో ఉన్నది జారవిడిచిన మ్యాచా? జూన్‌లో పదో ఇన్నింగ్స్‌లో పోయిందా? పోగొట్టుకున్న రోజున అది ఎవరికీ పెద్ద విషయంగా కనిపించలేదు. సంవత్సరం చివర లెక్క చూసుకున్నప్పుడే దాని విలువ తెలిసింది. పొలం పనుల్లో ఒక తడి ఆలస్యమైతే ఏమవుతుందో మీకు మేం చెప్పనక్కర్లేదు.

2025 వచ్చింది. వాడికి పన్నెండేళ్ళు. సియాటెల్‌లో రాత్రి ఏడు దాటాక మొదలయ్యే ఆట మనకు మర్నాడు ఉదయం ఏడున్నర దాటాక మొదలవుతుంది. పొయ్యి మీద టీ మరుగుతుండగా ఫోనులో స్కోరు చూడటం మాకు అలవాటైంది. ఆ జట్టు క్యాచర్ కాల్ రాలీ ఆ ఏడాది 60 హోమ్ రన్లు కొట్టాడు. క్యాచర్ అంటే మన వికెట్ కీపరు లాంటివాడు. ఆట ఉన్నంతసేపూ మోకాళ్ళ మీద వంగి కూర్చుంటాడు, దెబ్బలన్నీ వాడికే. ఆ పని చేస్తూ అంతకుముందు ఒక్క ఏడాదిలో ఎవరూ 48 దాటలేదు. ఇన్ని హోమ్ రన్లు కొట్టినవాడి సగటు ఎంతో తెలుసా? నాలుగు సార్లలో ఒక్కటి కూడా నిండదు. మిగతా అన్నిసార్లూ ఔటే.

ఆగస్టు చివర జట్టు తడబడింది. ఫోనులో మావాడి గొంతు నీరసపడింది. "మళ్ళీ అదే అవుతుంది పెద్దనాన్నా" అన్నాడు. ఇంకా ఏమీ కాలేదు కదా అన్నాం. "ఆశ పెట్టుకోకపోతే నొప్పి ఉండదు కదా" అన్నాడు. పన్నెండేళ్ళ వాడి నోట ఆ మాట విని మాకు మనసు చివుక్కుమంది. పెద్దవాళ్ళు చాలామంది మా ముందు కూర్చుని అన్న మాటే అది.

సెప్టెంబరులో గాలి మళ్ళింది. వరసగా పది మ్యాచ్‌లు గెలిచారు. హ్యూస్టన్‌కి వెళ్ళి ఆ జట్టునే మూడుకు మూడూ ఓడించి వచ్చారు. అప్పట్లో అక్కడొక వింత జరిగింది. ఒక అభిమాని ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి, జట్టు గెలవాలని మంత్రగత్తెతో మంత్రం వేయించాడట. ఆ వెంటనే ఈ గెలుపులు మొదలయ్యాయి. మావాడు నవ్వుతూ చెప్పి, "నిజమంటారా పెద్దనాన్నా?" అన్నాడు. శకునాలు, మంత్రాల గురించి మేం మందిరంలో ఎన్నిసార్లు చెప్పామో మీకు తెలుసు. వాడికీ అదే చెప్పాం. బంతి విసిరేవాళ్ళు బాగా విసిరారు, కొట్టేవాళ్ళు బాగా కొట్టారు, అంతే అన్నాం.

కానీ ఒప్పుకోవాల్సింది ఒకటుంది. అక్టోబరు 11న, అదే ఆ శనివారం, డిట్రాయిట్‌తో అయిదో మ్యాచ్ జరుగుతోంది. ఓడినవాళ్ళు ఇంటికే. పొద్దున్న అయిదున్నర దాటాక మొదలైన ఆట తొమ్మిదైనా తేలలేదు. 2-2. మాలో ఒకరు టీ గ్లాసులు తీయడానికి లేచారు. రెండోవారు గబుక్కున, "లేవకు, నువ్వు అక్కడ కూర్చున్నంతసేపూ వాళ్ళకు పరుగులు రాలేదు" అన్నారు. ఆ మాటన్నది ఎవరో అడగకండి. ఆదివారం ప్రసంగించేది వాళ్ళే. పదిహేనో ఇన్నింగ్స్‌లో హోర్హే పొలాంకో కొట్టిన బంతితో 3-2గా గెలిచేసరికి పదిన్నర అయింది. చీపుళ్ళు పట్టుకుని నిలబడిన అక్కలు ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

తర్వాత టొరంటోతో ఏడు మ్యాచ్‌ల పోటీ. నాలుగు గెలిస్తే వరల్డ్ సిరీస్. టొరంటోకి వెళ్ళి మొదటి రెండూ గెలిచారు. సొంత ఊరికి వచ్చి రెండు ఘోరంగా ఓడారు. అయిదోది ఎనిమిదో ఇన్నింగ్స్‌లో తిప్పేసి గెలిచారు. ఇంకొక్కటి చాలు. ఆరోది ఓడారు. మిగిలింది ఏడోది.

అది మనకు అక్టోబరు 21, మంగళవారం ఉదయం. ముందు రోజే దీపావళి. ఊళ్ళో ఇంకా మందుగుండు వాసన పోలేదు, వీధి నిండా కాలిన కాగితాలు. సియాటెల్ 3-1తో ముందుంది. ఏడో ఇన్నింగ్స్. ఇంకా ఎనిమిది మందిని ఔట్ చేస్తే 49 సీజన్ల ఎదురుచూపు ముగుస్తుంది. ఏడున్నర దాటాక ఫోనులో అంకె మారింది. జార్జ్ స్ప్రింగర్ అనే ఆటగాడు కొట్టిన ఒక్క దెబ్బకు మూడు పరుగులు. 4-3. మళ్ళీ మారుతుందని చూస్తూ కూర్చున్నాం. మారలేదు.

వెంటనే వాడికి ఫోను చేశాం. ఇక్కడే మేం తప్పు చేశాం. పిల్లవాడు హలో అనక ముందే మా నోరు మొదలైంది. "పోనీలే నాన్నా, ఇంత దూరం రావడమే గొప్ప. వచ్చే ఏడాది ఉందిగా. ఇందులో కూడా ఏదో మంచి ఉంటుంది." అవతల నిశ్శబ్దం. తర్వాత మెల్లగా, "పెద్దనాన్నా, మీరు చూశారా?" అన్నాడు. చూశాం అన్నాం. "చూస్తే మరి అలా అనకండి" అన్నాడు.

మేం నోరు మూసుకున్నాం. వాడు ఫోను పెట్టెయ్యలేదు. మేమూ పెట్టెయ్యలేదు. వాడి గదిలో ఫ్యాను చప్పుడు, ఇక్కడ మన వీధిలో పాల బండి చప్పుడు. పది నిమిషాలో, పావుగంటో. చివరికి వాడే, ఆ ఇన్నింగ్స్‌లో ఏ పిచర్‌ని దింపి ఉండాల్సిందో చెప్పడం మొదలుపెట్టాడు. మేం విన్నాం.

ఆ రోజంతా మాకు మరో ముఖం గుర్తొస్తూనే ఉంది. కొంతకాలం క్రితం మన సంఘంలో ఒక తల్లి ఎదిగిన కొడుకును మట్టిలో పెట్టి వచ్చింది. సమాధుల దొడ్డి గేటు దగ్గరే ఆమెతో మేం, అన్నీ మేలుకేనమ్మా అన్నాం. ఆమె మాకేసి చూసిన చూపు అప్పుడు మాకు అర్థం కాలేదు. ఆటను చావుతో పోల్చడం లేదు, రెంటికీ ఎక్కడా పొంతన లేదు. కానీ మా నోటి అలవాటు రెండు చోట్లా ఒక్కటే. ఎదుటివారి నొప్పి చూడలేక, దాన్ని త్వరగా మూసేద్దామని మాటలు వెదుకుతాం. అది వాళ్ళకోసం చేసే పని కాదు, మాకోసం చేసుకునేది. యోబు స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు రోజులు నేల మీద ఊరికే కూర్చున్నారని మేమే మీకు ఎన్నోసార్లు చెప్పాం. చెప్పినవాళ్ళమే మర్చిపోయాం.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాం. బైబిలు సంచిలోనే ఉంచాం. ఆమె కొడుకు చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. వాటి గురించి ఆమె చెప్పింది. చీకటి పడే దాకా కూర్చుని వచ్చాం.

ఆశ పెట్టుకోకపోతే నొప్పి ఉండదు కదా అని వాడు ఆగస్టులో అడిగిన దానికి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. నొప్పి ఉండదు, నిజమే. కానీ ఆ శనివారం పొద్దుటి చప్పట్లు కూడా ఉండవు. మాకూ వాడికీ మధ్య ఆ మూడేళ్ళ మాటలూ ఉండవు. అంకెలు మాత్రమే చూసుకునేవాడికి ఈ ఏడాదీ సియాటెల్‌కి దొరికింది సున్నాయే. రోజూ కూర్చుని చూసినవాడికి దొరికింది వేరు. అయితే ఇది కూడా ఓడిన రోజు పొద్దున్నే చెప్పే మాట కాదు. అందుకే ఇన్ని రోజులు ఆగి రాస్తున్నాం.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాం. సియాటెల్‌ని ఓడించిన టొరంటో, వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఏడో మ్యాచ్ దాకా పోరాడి, పదకొండో ఇన్నింగ్స్‌లో ఓడిపోయింది. మనకు అది నవంబరు 2, ఆదివారం. ఆరాధన ముగించుకుని ఫోను తెరిస్తే మావాడి వాయిస్ మెసేజ్ ఉంది. సంతోషపడుతుంటాడనుకున్నాం. తెలుగూ ఇంగ్లీషూ కలిపి వాడన్నది ఇది: "పెద్దనాన్నా, టొరంటోలో కూడా నాలాంటి వాడొకడు ఉంటాడు కదా. వాడితో ఎవరైనా ఉన్నారో లేదో."

మార్చి చివరలో మళ్ళీ ఆట మొదలవుతుంది. మేం టీ పెట్టుకుని అరుగు మీద కూర్చుంటాం. ఈసారి ఎవరు ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవవచ్చు.

ప్రేమతో,
మీ పాస్టరు దంపతులు