నల్లరేగడి నుంచి నడిసంద్రానికి

ముంబయి రహదారిని ఆనుకొని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో ఎర్రనేలలూ నల్లరేగడీ రెండూ ఉన్నా, నేలకోతను తెలుసుకోగోరే సందర్శకుడు మొదట చూడవలసింది 1976 నుంచి సాగుతున్న నల్లరేగడి పరీవాహక ప్రయోగాన్నే. ఒక భాగంలో పాత పద్ధతి ప్రకారం వానాకాలమంతా నేలను బీడుగా వదిలి, వానలు వెనకబట్టాక జొన్నో శనగో వేస్తారు. మరొక భాగంలో ఎత్తైన వెడల్పాటి మడులూ వాటి నడుమ సన్నని కాలువలూ తీసి, తొలకరికే మొక్కజొన్ననో జొన్ననో కందితో కలిపి విత్తుతారు. దిగువ అంచున, పారే నీటిని కొలిచే తూము దగ్గర వాన రోజున పట్టిన నీటిని గాజు సీసాలో కదపకుండా ఉంచితే, ఇసుక చూస్తుండగానే అడుగుకు చేరుతుంది, దానిపై ఒండ్రు పలుచగా పరుచుకుంటుంది, బంకమట్టి మాత్రం మర్నాటికీ తేరుకోక నీటిని కాఫీ రంగులోనే ఉంచుతుంది. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా సగటున ఆరు టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోగా, కొత్త పద్ధతిలో ఆ నష్టం టన్నున్నర దరిదాపులకు తగ్గింది.

ఈ ప్రాంతపు వాననీరు నక్కవాగు మీదుగా మంజీరను, కందకుర్తి వద్ద గోదావరిని, చివరకు బంగాళాఖాతాన్ని చేరాలి. సముద్రంలో కలిసిన మట్టి నేరుగా అడుగుకు పోదు. నదినీరు ఎంత బురదగా ఉన్నా సాధారణంగా ఉప్పునీటికన్నా తేలికే కనుక పైపైనే పరుచుకొని, తన బరువును ఖండతీరపు అంచు మీద, అంటే తీరం వెంబడి ఉండే లోతు తక్కువ మెట్టమీద, దించుకుంటుంది. అలా పేరుకున్న దిబ్బ తుపానుకో భూకంపానికో తన బరువుకే తానో జారినప్పుడు, నీటితో కలిసిన ఆ బురద చుట్టూ ఉన్న నీటికన్నా బరువెక్కి, సముద్రగర్భ లోయల గుండా వాలు వెంట వందల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. దీనినే టర్బిడిటీ ప్రవాహం అంటారు. 1929లో న్యూఫౌండ్లాండ్ దగ్గర భూకంపం తరువాత సముద్రగర్భపు టెలిగ్రాఫ్ తీగలు ఒకదాని వెంట ఒకటిగా తెగిన సమయాలను బట్టి, 1952లో హీజెన్, ఎవింగ్ అనే శాస్త్రజ్ఞులు దీని వేగాన్ని లెక్కగట్టారు. ప్రవాహం నెమ్మదించాక కింద ముతక ఇసుక, పైన మెత్తని బంకమట్టి వరుసగా దిగి టర్బిడైట్ పొర ఏర్పడుతుంది. సీసాలో కనిపించిన క్రమమే అది. 2002లో కృష్ణా–గోదావరి బేసిన్ లోతునీటిలో బయటపడిన డీ6 బ్లాకు సహజవాయువు, లక్షల ఏళ్ల కిందట ఇలాంటి ప్రవాహాలు కాలువల్లో నింపిన ఇసుకలోనే నిలిచింది.

అయితే వాలు మీది బురదంతా ఇలా ఉరికి వచ్చిందే అనుకోకూడదు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక గోదావరి ముఖానికి ఎదురుగా 1,268 మీటర్ల నీటి అడుగున తవ్వితీసిన మట్టి స్తంభం నిదానంగా పేరుకున్నది. దక్కన్ నల్లరాతి నేలల కోత గత నాలుగు వేల ఏళ్లలో పెరిగినట్లు అందులోని మట్టి జాడలు చెప్పాయి. వాతావరణం పొడిబారడంతో పాటు సాగు విస్తరించడమూ అందుకు కారణమని పరిశోధకులు భావించారు.

మట్టి సముద్రానికి చేరే ఆ దారి ఇప్పుడు ఆనకట్టలతో చాలావరకు మూసుకుపోయింది. గోదావరి సముద్రానికి మోసే మట్టి 1970–79లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు కాగా 2000–06 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని డెల్టా పరిశోధకులు లెక్కగట్టారు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ మొదటి సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. పూడిక కారణంగా, ఆ తరువాత నీటిమట్టం పెంచినా, ఇప్పుడది 17.8 టీఎంసీలు. నక్కవాగు మంజీరలో కలిసేది ఈ జలాశయానికి ఎగువనే. ఆ మట్టితో పాటు ఏమి వస్తుందన్నదీ చూడాలి: 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు మందుల పరిశ్రమల వ్యర్థజలంలో అసాధారణ స్థాయిలో యాంటీబయాటిక్‌లను కనుగొన్నారు. లోహాలనూ కొన్ని మందులనూ పట్టుకొని తిరిగేది ప్రధానంగా ఆ తేరుకోని బంకమట్టే. కనుక పటాన్‌చెరు మట్టి జాడ వెతకవలసిన మొదటి చోటు నడిసముద్రం కాదు, బాన్సువాడ, బోధన్ వరిపొలాలకు నీరిచ్చే నిజాంసాగర్ అడుగు.