తాతకి లేని కాగితం

మా స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ మాస్టారిది అమలాపురం దగ్గర ఊరు. వాళ్లబ్బాయి చాలా ఏళ్లుగా అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుంటుంటే ఆయన ఫోను నా ముందు పెట్టారు. "చూడండి మాస్టారూ, మావాడు కూడా మీవాళ్లలాగే వేటగాడైపోయాడు" అని నవ్వారు.

అది వేట లైసెన్సు. ఒక్కసారి డబ్బు కడితే బతికున్నంతకాలం చెల్లుతుందట. కట్టింది 1,000 డాలర్లు. ఏడాదికోసారి తీసుకునే లైసెన్సయితే అక్కడివాళ్లకి 25 డాలర్లే. అంటే 40 ఏళ్లు వేటాడితే గానీ పెట్టిన డబ్బు రాదు. "ధర పెరుగుతూ ఉంటుంది కదండీ, ఇప్పుడే కట్టేస్తే లాభం అంటాడు మావాడు" అన్నారు మాస్టారు. ఉత్తర కరోలినా రాష్ట్రంలోనైతే పుట్టిన బిడ్డ పేరునే ఇలాంటి లైసెన్సు కొనిపెడతారట. మనం ఆడపిల్ల పేరున పోస్టాఫీసులో డబ్బు వేసినట్టు.

నేనూ నవ్వాను. ఆయన మనసులో వేరే ఏమీ లేదు, మంచి మనిషి. కానీ "మీవాళ్లలాగే" అన్న మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు.

నేను కొండరెడ్డిని. మాది రంపచోడవరం ఏజెన్సీలో మారేడుమిల్లి వైపు కొండల్లో ఊరు. బొమ్మూరు డైట్‌లో చదివి ఉద్యోగం తెచ్చుకుని, ఇక్కడా అక్కడా పనిచేసి, ఇప్పుడు కోనసీమలో నగరం దగ్గర బడిలో ఉన్నాను. 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలిందే, ఆ నగరం. చుట్టూ కొబ్బరితోటలు, కాలవలు, వరిచేలు. ఇక్కడ ఎటు చూసినా కొండ కనిపించదు. మొదటి ఏడాది నాకు దిక్కులు తెలిసేవి కావు.

ఆ లైసెన్సు సంగతి తరవాత మాస్టారి అబ్బాయితో ఫోనులో మాట్లాడి తెలుసుకున్నాను. కార్డు జీవితాంతం చెల్లినా ఏ జంతువుని ఎన్ని కొట్టాలో ప్రతి ఏడాదీ లెక్క ఉంటుంది. జింకకి కట్టే చీటీలు ఏ ఏడాదికాయేడాది కొత్తవి తీసుకోవాలి. కాలం దాటితే కొట్టకూడదు. 1971 సెప్టెంబరు 2 నుంచి పుట్టినవాళ్లు వేట పాఠాలు కూడా నేర్చుకోవాలి. లైసెన్సుల డబ్బులో ఎక్కువ భాగం జంతువుల్నీ అడవుల్నీ చూసుకోవడానికే పోతుందట. తుపాకుల మీదా తూటాల మీదా వేసే పన్నుని కూడా అందుకే వాడాలని అక్కడ 1937లోనే చట్టం చేశారు. ఇంకో మాట కూడా చెప్పాడు. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా సొంతదారులదే. లైసెన్సు జేబులో ఉన్నా, వేటాడే చోటుకి ఎవరో ఒక రైతుకి విడిగా డబ్బు కట్టాలి. "అంకుల్, లైసెన్సు కన్నా దానికే ఎక్కువవుతోంది" అన్నాడు.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. తాతకి చోటుకి కొదవలేదు. కొండ ఆయనదే, వాగు ఆయనదే. లేనిది కార్డు.

తాత చేతిలో విల్లు చూశాను గానీ ఆయన జంతువుని కొట్టగా చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన కళ్లు మసకబారాయి. కథలు మాత్రం విన్నాను. కడుపుతో ఉన్నదాన్ని కొట్టకూడదు. పిల్ల వెంట ఉన్నదాన్ని కొట్టకూడదు. నీళ్లు తాగడానికి తల వంచినదాన్ని కొట్టకూడదు. పడిన జంతువు ఒక్కడిది కాదు. బాణం వేసినవాడికి ఒక భాగం, మొదట చూసినవాడికి ఒకటి, తోలినవాళ్లకి, ఊళ్లో ముసలివాళ్లకి, మొగుడు పోయిన ఆడవాళ్లకి, కుక్కలకి కూడా. చింతూరు వైపు కోయల భూమి పండుగకి మగవాళ్లు వేటకెళ్లి వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు ఎలా ఆటపట్టిస్తారో మీలో చాలామందికి తెలుసు. వేట తిండి కోసమే కాదు, ఊరంతా ఒకచోట చేరడానికి కూడా.

మా తాతని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. కరువు ఏడాదుల్లో ఈ కట్టుబాట్లన్నీ అందరూ పాటించలేదని ఆయనే చెప్పాడు. ఆకలేస్తే అలుగునీ తిన్నారు, ఉడుమునీ తిన్నారు. కానీ కట్టుబాటు ఉందని తెలిసి తప్పడం వేరు, అసలు లేదనుకోవడం వేరు.

తాత చెప్పిన కథల్లో నాకు బాగా గుర్తున్నది జీపు కథ. కిందనుంచి దొరలు జీపుల్లో వచ్చేవారట. దొరలంటే తెల్లవాళ్లు కాదు, మన దేశపువాళ్లే. తుపాకులు, టార్చిలైట్లు, వంటవాళ్లు. వాళ్ల దగ్గర కాగితాలుండేవి. మా ఊరి మగవాళ్లందరూ డప్పులు కొట్టుకుంటూ అడవిని ఒక పక్కనుంచి తోలితే, మంచె మీద కూర్చున్న దొర కాల్చేవాడు. కణుజు కొమ్ములూ తోలూ జీపులోకి, పేగులూ కాళ్లూ మావాళ్లకి. "దారి మనదే, వాసన పట్టేది మనమే. కాగితం వాళ్లది" అనేవాడు తాత. కోపంగా కాదు, ఎండ కాస్తోంది అన్నట్టు చెప్పేవాడు.

పెద్దయ్యాక చట్టం చదివితే ఆ కథ అర్థమైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట వేట లైసెన్సులు ఉండేవి. పెద్ద జంతువులకి ఒకటి, చిన్నవాటికి ఒకటి, ప్రత్యేకమైనవాటికి ఒకటి, పట్టుకోవడానికి ఒకటి, ఇలా రకాలుగా. అర్జీ పెట్టడం తెలిసినవాడికి, రుసుము కట్టగలిగినవాడికి అవి దొరికేవి. విల్లు పట్టినవాడు లైసెన్సు అడగాలని మా కొండల్లో ఎవరికి తెలుసు? 1991లో చట్టం మార్చి ఆ లైసెన్సులన్నీ తీసేశారు. నికోబార్ దీవుల గిరిజనులకి మాత్రం అక్కడ మినహాయింపు ఉంది. మిగిలిన దేశంలో ఆదివాసీకీ జీపు దొరకీ ఒకటే రూలు.

ఆ 1991 ఎండాకాలంలోనే మా అయ్య దొరికాడు. ఉచ్చులో కొండగొర్రె పడింది. ఇంటికి తెస్తుంటే దారిలో పట్టుకున్నారు. ఏ ఆఫీసో, ఎవరో ఇప్పుడు అనవసరం. రెండు రోజులు కూర్చోబెట్టారు. నేను ఆశ్రమ పాఠశాలలో అప్పుడే ఐదు పాసై సెలవులకి ఇంటికొచ్చాను. ఊళ్లో అక్షరాలు కూడబలుక్కోగలిగింది నేనొక్కణ్ణే. అమ్మ నన్ను వెంటబెట్టుకుని నడిచింది. అక్కడ బల్ల మీద ఒక కాగితం పెట్టి అయ్యని వేలిముద్ర వేయమన్నారు. అయ్య నా వైపు తోసి "ఏముందిరా ఇందులో?" అన్నాడు. నేను ఒక్కొక్క అక్షరమే పట్టి చదివాను. 'నేరము' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అర్థం తెలీక కాదు. అయ్య ముందు ఆ మాట పైకి అనలేక. ఆయనే "వేస్తాలే" అని వేలు సిరాలో ముంచాడు. జరిమానాకి మేకలు పోయాయి, ఆ ఏడాది చింతపండు డబ్బులు పోయాయి. ఉచ్చు కూడా వాళ్లే ఉంచుకున్నారు.

ఎందుకు టీచరయ్యావని ట్రైనింగులో అడిగితే అందరిలాగే పిల్లలంటే ఇష్టమని చెప్పాను. ఈ సంగతి చెప్పలేదు.

2008లో అటవీ హక్కుల చట్టం అర్జీలు మా ఊరికి వచ్చినప్పుడు నేను సెలవు పెట్టి వెళ్లాను. ఊళ్లో సగం ఫారాలు నేనే నింపాను. అయ్య పోడు భూమి కొలతలు రాశాం, సాక్ష్యంగా ముసలివాళ్ల మాటలు రాశాం. చివర్లో ఒక గడి ఉంది, ఇతర సంప్రదాయ హక్కులు ఏవైనా ఉంటే రాయమని. నేను చదివి వినిపించగానే అయ్య "వేట రాయి" అన్నాడు.

"అది కుదరదు అయ్యా" అన్నాను.

"ఎందుకు కుదరదు? పాతదేనా కాదా?"

పాతదే. కానీ అదే చట్టంలో, ఇతర సంప్రదాయ హక్కులన్నీ ఇస్తామని చెప్పిన వాక్యంలోనే, వేటాడటం, ఉచ్చు పెట్టడం తప్ప అని ఉంది. చదివి చెప్పాను. అయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అయితే ఆ గడి ఖాళీగా వదలకు, గీత కొట్టు. ఇంకెవడో ఇంకేదో రాస్తాడు" అన్నాడు. గీత కొట్టాను. వేలిముద్ర వేశాడు. ఈసారి కాగితంలో ఏముందో ఆయనకి పూర్తిగా తెలుసు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. వేట హక్కు మనకి తిరిగి రాదు. నేనిప్పుడు అడగను కూడా. అడవిలో జంతువు తగ్గింది. మనవల్లే తగ్గిందంటే ఒప్పుకోను, జీపుల కథ మా ఇంట్లో ఉంది. కానీ తగ్గిన మాట నిజం. ఇప్పుడు మన కుర్రాళ్లు కొందరు చేసేది తాత వేట కాదు. పంది కోసం కరెంటు తీగ లాగి పడుకుంటున్నారు. దానికి పందీ మనిషీ తేడా తెలీదు. మా పక్క ఊళ్లో పొద్దున్నే ఇప్పపూలకి వెళ్లిన ఆవిడ అలాగే పోయింది. తీగ వేసింది ఆవిడ మేనల్లుడే. మొదటి షెడ్యూలు జంతువు చనిపోతే 3 నుంచి 7 ఏళ్లు జైలు. అయ్యలాగా మేకలతో పోయేది కాదు. కర్ణాటకలో కొడవలకి తుపాకీ లైసెన్సు అక్కర్లేదని 2029 దాకా మినహాయింపు ఉందే, మనకెందుకు ఇవ్వరు అని ఒక కుర్రాడు నన్నడిగాడు. నిజమే, ఉంది. కానీ అది తుపాకీ ఇంట్లో పెట్టుకోవడానికి. అడవిలో కాలిస్తే వాళ్లకీ కేసే.

మరి జీవితకాలం చెల్లేది మన దగ్గర ఏముంది? ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉంది. మా స్టాఫ్‌రూములో ఎవరైనా "అమ్ముకోలేని భూమికి విలువేముందండీ, బ్యాంకువాడు కూడా ముట్టడు" అంటే నేను వాదించను. కోనసీమలో కొబ్బరితోట ఎకరం రేటు తెలిసినవాళ్లు వాళ్లు. అమ్మడానికి వీల్లేదు కాబట్టే అది ఇంకా మా ఇంట్లో ఉంది. భార్యాభర్తలిద్దరి పేర్లా ఇవ్వాలని చట్టం. అయ్య పోయాక అమ్మ పేరు దాని మీద ఉండబట్టే ఎవరూ నోరెత్తలేదు. అమ్మ తరవాత తమ్ముడికి, వాడి పిల్లలకి. 1,000 డాలర్ల కార్డు మనిషితో పోతుంది, ఇది పోదు. మీ ఇంట్లో పట్టా ఉంటే ఇవాళే తీసి చూడండి, అమ్మ పేరు ఉందో లేదో. ఊరికంతటికీ కలిపి వెదురు, తేనె, చింతపండు, దుంపల మీద ఉమ్మడి హక్కు అడగొచ్చని చాలా ఊళ్లలో ఇప్పటికీ తెలీదు. అడవినీ జంతువుల్నీ కాపాడే అధికారం గ్రామసభకే ఉందని కూడా అదే చట్టంలో ఉంది. అడుగుజాడ చూసి జంతువు ఏ పూట వెళ్లిందో చెప్పగలిగిన మనుషులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లు పోకముందే రాసుకోండి.

ఇక్కడ నగరంలో నాకొక వేటగాడు దొరికాడు. యానాది. మా బడిలో ఏడో తరగతి చదివే పిల్లాడి నాన్న. సార్వాలో, దాళ్వాలో రైతులు పిలిస్తే చేలల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పడతాడు. ఎలుకకి ఇంతని డబ్బు. ఒక సాయంత్రం పిల్లాడే నన్ను గట్టు మీద తీసుకెళ్లాడు. కన్నం ముందు మట్టి తడి చూసి "ఇది పాతది సార్, అందులో లేదు" అన్నాడు. నాలుగడుగుల అవతల ఇంకో కన్నం చూపించి "ఇందులో ఉంది" అన్నాడు. ఎలా తెలిసిందంటే సరిగ్గా చెప్పలేకపోయాడు. తాత కూడా అంతే, అడిగితే చెప్పలేకపోయేవాడు. 1972 చట్టం ఎలుకని కాకితో పాటు చీడ జాబితాలో వేసింది, దాన్ని పట్టడానికి లైసెన్సు పెట్టలేదు. దేశంలో వేటలన్నీ ఆగినా ఈయన వేటని ఎవరూ ఆపలేదు, ఎవరూ లెక్కలోకీ తీసుకోలేదు.

మాస్టారి అబ్బాయి కార్డు ఫోటో నా ఫోనులో ఉంటే ఆయనకి చూపించాను. కొండల్లో మావాళ్ల సంగతీ చెప్పాను. బుట్ట బిగిస్తూనే విన్నాడు. "జీవితాంతం చెల్లుతుందాండీ?" అని అడిగాడు. చెల్లుతుందన్నాను. కాసేపటికి చేతులు దులుపుకుని లేచాడు.

"మాస్టారండీ, మావాడి కుల సర్టిఫికెట్ సంగతి ఏమైందండీ? మా నాన్నది ఉంటే తెమ్మంటున్నారు. మా నాన్నకి ఏ కాగితమూ లేదండి."

రెండుసార్లు తిరిగి వచ్చాడట. హాస్టల్లో సీటుకి అది కావాలి. సోమవారం పర్మిషన్ పెట్టి తనతో నేనూ వస్తానని చెప్పాను. పిల్లాడి బడి రికార్డు, వాళ్ల పేటలో పెద్దవాళ్ల సాక్ష్యం, రేషన్ కార్డు నకలు తీసి పెట్టమన్నాను. ఆయన తలూపి, ఇంకా తొమ్మిది బుట్టలు పెట్టాలంటూ చీకటి పడకముందే అవతలి గట్టుకి వెళ్లిపోయాడు.