లేబుల్ మీద ఏం రాయాలి

చెల్లి రిసెప్షన్‌లో టేబుళ్ల మీద పరిచే గుడ్డలు, వచ్చినవాళ్ల చేతిలో పెట్టే రిటర్న్ గిఫ్ట్, ఈ రెండూ నా నెత్తిన పడ్డాయి. పెళ్లి ప్రొద్దుటూరులో, రిసెప్షన్ హైదరాబాదులో. ఇక్కడ ఉండేది నేనే కాబట్టి వాదించడానికేమీ లేదు. ఒక ఎక్సెల్ షీటు, ఒక వాట్సాప్ గ్రూపు, రెండు శనివారాలు చాలనుకున్నాను.

ఈవెంట్ మేనేజ్‌మెంట్ అమ్మాయి ట్యాబ్‌లో గుడ్డల ఫోటోలు చూపించింది. శాటిన్, సీక్విన్స్, స్పాండెక్స్. రంగులకి షాంపేన్, డస్టీ రోజ్ లాంటి పేర్లు. చెల్లి ఒక్కటే అడిగింది: "వీటి మీద నీళ్లు ఒలికితే ఏమవుతాయి?" ఏమవుతుంది, జారి ఒళ్లో పడతాయి. పాలిస్టర్ శాటిన్ నీళ్లని తొందరగా పీల్చుకోదు. "నూలు గుడ్డ కావాలి నాకు. పెడన కలంకారీ" అంది చెల్లి.

లెక్కలోకి దిగితే తెలిసింది. హాల్లో గుండ్రటి టేబుళ్లు 30. ఒక్కోటి 60 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. నేల దాకా గుడ్డ జారాలంటే 120 అంగుళాల గుడ్డ కావాలి. మేం చూసిన కలంకారీ పన్నా 48 అంగుళాలే. అతుకులు వేస్తే అందం పోతుంది. అందుకని హాలు వాళ్ల తెల్ల గుడ్డ కింద ఉంచి, దాని మీద నడిమధ్యగా 16 అంగుళాల పట్టీ పరుద్దామనుకున్నాం. ఒక పన్నాలో మూడు పట్టీలు. రెండు వైపులా జానెడు జారాలంటే ఒక్కో పట్టీ 80 అంగుళాల పొడవు. మొత్తం 20 మీటర్ల పైచిలుకు, తడిపితే కుంచించుకుపోతుంది కాబట్టి 22. ఈ లెక్క తేలిన రోజు ఆఫీసులో బగ్ క్లోజ్ చేసినంత సంతోషం కలిగింది.

రిటర్న్ గిఫ్ట్ దగ్గరే చిక్కు వచ్చింది. అమ్మ ఫోన్ చేసింది.

"ఏమిరా, నన్నారి సీసాలిస్తే ఎట్లుంటాది? మీ నాయన చేస్చానంటాండాడు."

వద్దన్నాను. కారుతుందన్నాను, సగం మందికి షుగర్ ఉంటుందన్నాను, ఎండాకాలం కాదన్నాను. మూడూ నిజాలే. మూడూ అబద్ధాలే.

నాయన ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర 22 ఎండాకాలాలు నన్నారి బండి పెట్టాడు. మిగతా నెలల్లో పత్తి మిల్లులో పని. కోస్తాలో సుగంధి అనేదాన్నే మేం నన్నారి అంటాం. బండి మీద సీసాలు, నిమ్మకాయలు, నానిన సబ్జా గింజలు, నీళ్ల కుండకి చుట్టిన తడి ఎర్ర గుడ్డ. ఆ గుడ్డ ఆరినప్పుడల్లా మళ్లీ తడపడం చిన్నప్పుడు నా పని.

2007లో ఇంజనీరింగ్ కాలేజీ అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట 'బిజినెస్' అని రాశాను. కింద నాయనే సంతకం పెట్టాడు. రెండేళ్ల తర్వాత వేసవి సెలవుల్లో ఒక క్లాస్‌మేట్ మా ఊళ్లో బస్సు దిగాడు. దాహమేసి వాడు నేరుగా నాయన బండి దగ్గరికే నడిచాడు. నాయన నన్ను చూశాడు. నేనేమీ మాట్లాడలేదు. రెండు గ్లాసులు కలిపి ఇచ్చాడు. ఇరవై రూపాయల నోటు ఇచ్చాను. నాయన పది రూపాయలు తిరిగి ఇచ్చాడు, ఎవరో కొత్తవాళ్లకి ఇచ్చినట్టు. ఆ రాత్రి ఇంట్లో ఆ మాట రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక కథల పుస్తకం మీద సమీక్ష రాశాను. అందులో ఒక పాత్ర ఆఫీసులో తన తల్లి చేసే పని దాచిపెడుతుంది. ఆ పాత్రని రచయిత మరీ జాలిగా చూశాడనీ, అది పిరికితనమనీ, దాన్ని ఇంకాస్త నిర్దయగా రాయాల్సిందనీ తేల్చాను. చాలామంది మెచ్చుకున్నారు. బాగా రాసిన పేరా అని నేనూ అనుకున్నాను.

రిటర్న్ గిఫ్ట్ సంగతి ఎలా తేలిందంటే, నా వల్ల మాత్రం కాదు. చెల్లి ఈవెంట్ అమ్మాయితో నన్నారి మాట అంది. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, "వావ్, ఆర్టిజనల్! ఇప్పుడు ఇదే ట్రెండ్ సర్" అంది. అప్పుడు ఒప్పుకున్నాను. అమ్మ అడిగితే కుదరనిది ఆ అమ్మాయి మెచ్చుకుంటే క్షణంలో కుదిరింది. ఆ సాయంత్రం కారులో చెల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆర్టిజనల్ అంటే సరిపాయె గదనా నీకు" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

పెడన బందరు దగ్గరే. విజయవాడలో కార్డులు పంచే పని పెట్టుకుని వెళ్లొచ్చాం. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి, అద్దే చోటికే వెళ్లి కొన్నాం. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకి పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరవేసిన నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డని తాకితే నలుపు వస్తుంది. ఎరుపుకి పటిక అద్ది, ఉతికి, రంగునిచ్చే వేర్లూ చెక్కలతో ఉడకబెడతారు. పటిక అంటిన చోటే ఎరుపు నిలుస్తుంది. చెక్క అచ్చు మీద చేత్తో కొట్టే దెబ్బ గుడ్డమీద ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. దగ్గర్నుంచి చూస్తే ఒక పువ్వు గీతలు కాస్త పక్కకి జరిగి ఉన్నాయి. చెల్లి ఆ తానే తీసుకుంది.

రిసెప్షన్‌కి ఐదు రోజుల ముందు నాయన హైదరాబాదు వచ్చాడు, గోనెసంచిలో వేర్లతో. నా ఫ్లాట్ వంటగదిలో కింద కూచున్నాడు. వేర్లు మట్టి పోయేదాకా కడగడం, రోలు లేదు కాబట్టి చపాతీ కర్రతో చితక్కొట్టడం, లోపలి తెల్లటి చెక్క లాగేసి పై బెరడు మాత్రం ఉంచడం. మరగబెట్టి తీసేద్దామంటే ఒప్పుకోలేదు. "మరిగితే వాసన పైకి పోతాది. నీ ఇల్లు గమగమలాడతాది, సీసాలో ఏముండదు." వేణ్నీళ్లు పోసి, మూతపెట్టి, రాత్రంతా ఉంచాడు. తర్వాత చదివితే తెలిసింది, ఆ వాసననిచ్చే పదార్థానికీ వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కీ రసాయన సూత్రం ఒక్కటే, అణువులో అమరిక మాత్రం వేరు. నన్నారి వాసననిచ్చేది ఆవిరితో పాటు తేలిగ్గా పోయేదే.

పొద్దున వడకట్టిన 13 లీటర్ల నీళ్లకి 26 కేజీల పంచదార, విడతలు విడతలుగా. అంటే మూడింట రెండు వంతులు పంచదారే. అంత చిక్కగా ఉంటే బూజు పట్టదు. పాకం గడ్డకట్టకుండా నిమ్మరసం. ఉడకబెట్టిన 100 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో వేడి మీదే పోసి మూతలు బిగించాం. ఇంటికొకటి చొప్పున లెక్కేసి మూడు వందల సీసాలు తెచ్చాం, ఏడు ఖాళీగా మిగిలాయి.

ఇంక లేబుల్. డిజైనర్ పంపిన నమూనాలో వధూవరుల పేర్లు ఉన్నాయి, కింద ఒక ఖాళీ గీత.

"ఏం రాద్దాం నాయనా?" అన్నాను.

ఆయన వేరులోంచి చెక్క లాగుతున్నాడు. తల ఎత్తలేదు.

"బిజినెస్ అని రాయి" అన్నాడు.

నవ్వుతూ అన్నాడో లేదో నాకు కనబడలేదు. అమ్మ స్టవ్ దగ్గర్నుంచి ఒకసారి తిరిగి చూసి, మళ్లీ గరిటె తిప్పుకుంది. కాసేపటికి నాయనే, "వాళ్ల తరపు పెద్దోళ్లొస్తారు. బండి సంగతి యాల ఇప్పుడు? ఉట్టి పేర్లు పెట్టు" అన్నాడు.

రాసింది చెల్లి. "నన్నారి. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర మా నాయన బండి మీద 22 ఎండాకాలాలు అమ్మింది. ఒక వంతుకి ఆరు వంతులు నీళ్లు, అర నిమ్మచెక్క." ఫైలు ప్రింటుకి పంపాల్సింది నేను. రాత్రి ఒంటిగంటకి ల్యాప్‌టాప్ ముందు కూచుని 'బండి మీద' అన్న రెండు మాటలు తీసేశాను. వాక్యం బాగానే ఉంది. లేబుల్‌లో చోటు కూడా కలిసొచ్చింది. మళ్లీ పెట్టాను. మళ్లీ తీశాను. పక్క గదిలో నాయన దగ్గు వినిపించింది. కంట్రోల్ జెడ్ నొక్కి, ఇంకోసారి చదవకుండా పంపేశాను.

రిసెప్షన్ రోజు నాయన తొందరగా వచ్చి టేబుళ్ల మధ్య తిరిగాడు. ఒక పట్టీ అంచు వేళ్లతో నలిపి చూసి, "మంచి నూలు. తడిపి కుండకి చుట్టొచ్చు" అన్నాడు. ఆయన గుడ్డకి ఇచ్చిన అతి పెద్ద మెచ్చుకోలు అదే అయ్యుంటుంది.

భోజనాల దగ్గర చెల్లి మామగారు సీసా చేతిలో పట్టుకుని అడిగారు: "ఎక్కడ తెప్పించారండీ ఇది?"

"మా నాయన చేశాడండీ" అన్నాను.

అంతే అన్నాను. రెండో సగం నోటికి రాలేదు. ఆయన కళ్లజోడు సర్దుకుని లేబుల్ చదివారు. సీసా జేబులో వేసుకుని నాయన కూచున్న వైపు నడిచారు. వాళ్లేం మాట్లాడుకున్నారో నేను వినలేదు. నాయన చేతులు మాత్రం కనిపించాయి, గాలిలో గ్లాసు కలుపుతూ.

ఒక సీసా మూత వదులై పట్టీ మీద కారింది. ఉతికినా గోధుమరంగు మరక పూర్తిగా పోలేదు. ఆ పట్టీ ఇప్పుడు నా డైనింగ్ టేబుల్ మీద ఉంది.

ఆ సమీక్ష ఇంకా అక్కడే ఉంది. తీసెయ్యలేదు, మార్చలేదు. ఆ పేరా ఎవరికైనా నచ్చి ఉంటే దాని పక్కన ఇది కూడా పెట్టుకుని చదవండి. ఆ పాత్ర అమ్మ పనిని దాచింది. నేను మా నాయనకే డబ్బులిచ్చి, చిల్లర తీసుకున్నాను.