మబ్బు తేలిపోయాక

అరకు వెళ్లి మాడగడ కొండెక్కకుండా తిరిగొచ్చేవాళ్లు ఈమధ్య తక్కువే. చలికాలం వస్తే చాలు, ఇంకా చీకటి ఉండగానే లాడ్జీల ముందు జీపుల సందడి మొదలవుతుంది. వెలుగు రాకముందే కొండమీదికి చేరాలి. అప్పుడే కింద లోయంతా తెల్లటి మబ్బుతో నిండి, చుట్టూ కొండల కొసలు మాత్రం దాని మీద తేలుతూ కనబడతాయి. ఆ దృశ్యం కోసం విశాఖ నుంచీ, విజయనగరం నుంచీ, హైదరాబాదు నుంచీ కూడా సంసారాలతో వస్తారు. మేమూ డిసెంబరులో అలాగే వెళ్లాం.

ఆ మబ్బు ఎక్కడినుంచో కొట్టుకొచ్చింది కాదు, ఆ లోయలోనే పుడుతుంది. రాత్రిపూట కొండవాలు త్వరగా చల్లబడుతుంది. చల్లగాలి బరువుగా ఉంటుంది గనక వాలు వెంబడి జారి లోయ అడుగున చేరుతుంది. గెడ్డల్లో, తడి మళ్లల్లో ఉన్న చెమ్మ ఆ చలికి మంచై పేరుకుంటుంది. ఎండ తగిలి నేల వేడెక్కగానే విడిపోతుంది. కొండమీది అందమంతా ఆ రెండు మూడు గంటలదే.

జీపులో పైదాకా వెళ్లొచ్చు. "ఊరి దగ్గర దిగిపోయి నడుద్దాం, మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను" అన్నారు మావయ్యగారు. ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. కొత్తవలస - కిరండూల్ లైను ఆయనకు కొట్టినపిండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన దారి అది. దాంట్లో 58 సొరంగాలున్నాయి. "నేను చూసిన అరకంతా సొరంగానికీ సొరంగానికీ మధ్య బ్రేక్‌వ్యానులోంచి కనబడ్డ ముక్కలేనమ్మా" అంటారాయన.

నడిచాం గనక దారిపక్క కాఫీ చెట్లు చేతికందాయి. సిల్వర్ ఓక్ నీడన, భుజాలెత్తు పొదలు. ఆ ఓక్ మానులకు మిరియాల తీగలు పాకించి ఉన్నాయి. తోట దగ్గర మంట వేసుకుని కూర్చున్న పిల్లాడొకడు మా అమ్మాయికి ఎర్రటి కాఫీ పండొకటి కోసిచ్చాడు. చిదిమితే తొక్క చటుక్కున ఊడింది. లోపల జిగురుతో అంటుకుని రెండు గింజలు, పాలిపోయిన ఆకుపచ్చలో. జిగురు నాలిక్కి తియ్యగా తగిలింది. గింజ కొరికితే కాఫీ రుచి లేదు, వాసనా లేదు. ఆ పండుకి తొక్క తీయాలి, గింజను నానబెట్టి జిగురు కడగాలి, ఎండబెట్టాలి, వేయించాలి, అప్పుడు గానీ వాసన పుట్టదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ ఓక్ చెట్లను వేలకు వేలు పడగొట్టింది. నీడ పోతే కాఫీ మొక్క దెబ్బతింటుంది. గిరిజన రైతులు మళ్లీ నీడ పెంచుకున్నారు, తోటలు నిలబెట్టుకున్నారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొండమీద కర్రలతో, వెదురుతో కట్టిన మంచెలున్నాయి. ఎక్కి చూడ్డానికీ, ఫొటో దిగడానికీ తప్ప వాటికి వేరే పని లేదు. మామూలుగా మన్యంలో మంచెకు ఎప్పుడూ పనుంది. పోడు చేలో సామలూ, చోళ్లూ గింజ పట్టే వేళకి పందులనీ, చిలకలనీ తోలడానికి రాత్రింబవళ్లు దానిమీదే కాపలా. మాడగడలో ఇప్పుడు చూపుకోసం కట్టిన మంచె కూడా ఊరివాళ్లకు నాలుగు రూపాయలు తెస్తోంది. జీపు తోలేవాళ్లు, టీ కాచేవాళ్లు, థింసా నాట్యపు చీర కట్టించి ఫొటో తీయించేవాళ్లు అందరూ ఆ చుట్టుపక్కల వాళ్లే. నాకది చాలా నచ్చింది.

ఎండెక్కింది. మబ్బు అంచులు చినగడం మొదలుపెట్టగానే జనం జీపులెక్కేశారు. అత్తయ్య చలికి వణుకుతున్నారని మేం ఇంకో టీ కోసం ఆగాం. కెటిలు మీద మూత పెడుతూ టీ అమ్మే పెద్దావిడ అంది: "మబ్బున్నంత సేపేనమ్మా మీరుంటారు. మబ్బు తేలిపోయి మా ఊళ్లగుపించే యేలకి ఎల్లిపోతారు. ఇంకో గంటుంటే నాకింకో కెటిలు టీ అమ్ముడైపోద్ది."

ఆమె కోసమే ఉన్నామని చెప్పను గానీ, ఉండటం మంచిదైంది. ముందు వలిసె చేలు బయటపడ్డాయి, వాలు పొడుగునా పసుపుపచ్చగా. తర్వాత గెడ్డ వెంబడి రాళ్లగట్లు పేర్చి దించిన మెట్లమళ్లు, కోత అయిపోయి కుప్పలతో. ఆ పైన పెంకుటిళ్ల వరసలు, వాటిలోంచి పొగ. ఎక్కడో గూడ్సు కూత వినబడితే మావయ్యగారు లేచి నిలబడి అది ఎటు పోతోందో చెప్పారు. "ఇన్నేళ్లకి అరకు మొత్తం ఒక్కసారి చూశాను" అన్నారు. ఆ మాటన్నప్పుడు ఆయన గొంతు నాకింకా గుర్తుంది.

ఆ కొండలకి పల్లంవాళ్లు ఎప్పుడు వచ్చినా ఒక్క సరుకు కోసమే వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు కూరగాయలు కావాలని 1942లో పద్మాపురం తోట వేశారు. ఖనిజం కావాలని రైలు వేశారు. ఇప్పుడు మనం మబ్బు కోసం వస్తున్నాం. 2017 నుంచి ఆ దారిలో నడిచే ప్రయాణికుల రైలుకి అద్దాల పెట్టె కూడా తగిలించారు. రావడంలో తప్పులేదు. కానీ ఆ మబ్బు కింద బగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు ఉన్నారు. చైత్రంలో వాళ్లు ఇటుకల పండగ చేసుకుంటారు, అప్పుడు ఆడే థింసా మన ఫొటో కోసం ఆడేది కాదు. ఆ ఊళ్లని కప్పి ఉంచినప్పుడే లోయ బాగుందనుకుని దిగిపోతే మనం అరకు చూసినట్టు కాదు.

కాబట్టి అరకు వెళ్లేవాళ్లకి నా మనవి ఇది. పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని వెళ్లండి. నడవగలిగినంత దూరం నడవండి. తీసుకెళ్లిన నీళ్ల సీసాలూ చిప్స్ కవర్లూ కొండమీద వదలకుండా కిందికి తెచ్చేయండి. కాఫీగింజలూ మిరియాలూ ఆ ఊళ్లో పండించినవాళ్ల దగ్గరే కొనండి. అన్నిటికన్నా ముఖ్యం, మబ్బు తేలిపోయాక ఇంకో గంట ఉండండి.