టెక్నో పుట్టిన ఊరు

మిషిగన్‌కి చుట్టాలొస్తే మనవాళ్ళు చూపించే చోట్లు అందరికీ తెలిసినవే. డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం, మాకినా దీవి, ఓపికుంటే కెనడా వైపు నుంచి నయాగరా. ఈ జాబితాలో ఇంకో ఊరు చేర్చమని నా మనవి. మన తెలుగు కుటుంబాలు బాగా ఉన్న కాంటన్‌కి దక్షిణంగా, కాస్త దూరంలోనే బెల్‌విల్ ఉంది. సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ప్రపంచమంతా చిందులేయించే టెక్నో సంగీతానికి వేళ్ళు ఇక్కడే ఉన్నాయి.

హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ఇక్కడి బడిలో చదువుకున్న నల్లజాతి కుర్రాళ్ళు. ఆట్కిన్స్ 1981లో రిచర్డ్ డేవిస్‌తో కలిసి సైబోట్రాన్ పేరుతో తొలి రికార్డు తెచ్చాడు. 1987లో మే చేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్', 1988లో సాండర్సన్ బృందం చేసిన 'బిగ్ ఫన్' సముద్రాలు దాటాయి. పక్కనున్న డెట్రాయిట్ మాత్రం ఖాళీ అవుతూ వచ్చింది. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2020కి సుమారు 6.4 లక్షలకు పడిపోయింది. యంత్రాలొచ్చి మనుషుల పని పోతున్న చోట, వీళ్ళు యంత్రాల చేతే పాట పాడించారు.

పిల్లలూ, ఆ పాట ఎలా తయారవుతుందో చెబుతాను. డ్రమ్ మెషీన్ నిమిషానికి 130 దాకా దెబ్బలు సమంగా వేస్తుంది. స, గ, ప లాంటి స్వరాల్ని ఒకేసారి మోగిస్తే అది కార్డ్. దాన్ని దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య వేస్తే కాలు ఊరికే ఉండదు. ఇక ఫిల్టర్ అంటే శబ్దానికి జల్లెడ. పై స్వరాంశాల్ని ఆపేస్తే కార్డ్ పక్కగదిలో తలుపు వెనక మోగినట్టుంటుంది. మీట మెల్లగా తిప్పుతుంటే తలుపు తెరుచుకుంటుంది. తంబురా మీద జీవాళి దారం సర్దగానే నాదం విచ్చుకుంటుంది చూడండి, అలాగన్నమాట. కార్డ్ మారదు, వెలుగు మారుతుంది.

2009లో కార్ల పరిశ్రమ కుదేలైనప్పుడు నా ప్రాజెక్టు ఆగిపోయి బెంచి మీద కూర్చున్నాను. పని లేకపోతే వీసా నిలవదు. కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడకు ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఇంటర్వ్యూలకు తిరుగుతూ కారులో ఈ పాటలు వినేవాణ్ణి. మూసుకున్న శబ్దం పదహారు ఆవర్తాల్లో నెమ్మదిగా తెరుచుకోవడం వింటుంటే, రేపు ఫోన్ వస్తుందేమో అనిపించేది. కష్టం చూసిన ఊరు చేసిన పాట కాబట్టే ఆ ఉత్సాహాన్ని నమ్మగలిగాను.

డెట్రాయిట్‌లో గ్రాండ్ బులవార్డ్ వెంట వెళ్ళండి. పడమటి వైపు 2648 నంబరు ఇల్లు 1959లో బెర్రీ గోర్డీ మొదలుపెట్టిన మోటౌన్ సంస్థది, ఇప్పుడు మ్యూజియం. అదే వీధి తూర్పు వైపు 3000 నంబరులో టెక్నో చరిత్ర ప్రదర్శన ఉంది. ముందుగా కనుక్కుని వెళ్ళండి. నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో 2000లో మొదలైన టెక్నో పండుగ ఇప్పటికీ మెమోరియల్ డే సెలవుల్లో జరుగుతోంది.

మా అమ్మాయి ఇప్పుడు లాప్‌టాప్‌లోనే కార్డ్ వేసి ఫిల్టర్ తిప్పుతోంది. "చదువుకోకుండా ఆ డబడబలేమిటి" అని మీ ఇంట్లోనూ అనిపిస్తే, ఒక్క ఆదివారం పిల్లల్ని బెల్‌విల్ తీసుకెళ్ళండి. ఆ ముగ్గురూ ఒకప్పుడు అక్కడి బడి పిల్లలే.