విండోలాండాలో ఒక్కాకు తిత్తి

న్యూకాజిల్‌కి ఆన్‌సైట్ వచ్చి ఏడు నెలలైనా హేడ్రియన్ గోడ చూడలేదంటే టీమ్‌లో అందరూ నవ్వారు. ఆ శనివారం రైలెక్కి హెక్సమ్‌లో దిగి, బస్సు పట్టుకున్నా. దాని నంబరు ఏడీ122. గోడ కట్టడం మొదలైన సంవత్సరాన్నే బస్సుకు పెట్టేశారు!

దిగింది మాత్రం గోడకి కాస్త దక్షిణాన ఉన్న విండోలాండాలో. గోడ కంటే ముందే, సుమారు క్రీ.శ. 85లో, రోమన్లు ఇక్కడ కర్రకోట కట్టారు. దళం మారినప్పుడల్లా పాతది పడగొట్టి, బంకమట్టి, గడ్డి పెళ్లలు పరిచి, దానిమీదే కొత్తది. అలా ఒకదానిమీద ఒకటి తొమ్మిది కోటలు. అడుగు పొరల్లోకి గాలి పోలేదు, తడి మాత్రం నిలిచింది. అందుకే తోలు కుళ్లలేదు. చెప్పులూ బూట్లే ఐదు వేలకు పైగా దొరికాయి. గుడారం ముక్కలు, బాక్సింగ్ గ్లవ్స్, చివరికి తోలు తుంపుతో చేసిన బొమ్మ ఎలుక కూడా.

నాకు మాత్రం డబ్బు సంచుల మీదే ధ్యాస. కారణం మా అవ్వ.

అవ్వకి ఒక ఒక్కాకు తిత్తి ఉండేది. రెండు వైపులా తాళ్లు లాగితే మూతి బిగుసుకునేది. ఆకు, వక్క, సున్నపు డబ్బీ, అడుగున నాలుగు మడతలు పెట్టిన నోట్లు. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు హాస్టల్ డిపాజిట్‌కి తక్కువ పడింది ఆ తిత్తిలోంచే వచ్చింది. పోయిన మార్చిలో అవ్వ పోయింది. నేను వీడియో కాల్‌లో చూశా, అంతే. తిత్తి ఏదని అడిగితే, ‘ఆమె గుడ్డలతోపాటే కాల్చేశాం రా’ అన్నాడు నాన్న.

రోమన్ల సంచుల్లో సాదా రకం ఎలా ఉంటుందో తెలుసా? గుండ్రంగా కోసిన తోలు, అంచు చుట్టూ చిల్లులు, వాటిలోంచి ఒక తోలు తాడు. లాగితే మూతి బిగుస్తుంది. రెండు వేల ఏళ్లలో వర్షన్ టూ అవసరమే రాలేదు. లాటిన్‌లో ‘ఫోలిస్’ అంటే తోలు సంచి, కొలిమి తిత్తి కూడా. మనం తిత్తి అన్నట్టే! తర్వాత్తర్వాత అదే ఒక నాణెం పేరైంది.

అయితే మట్టిలోంచి వచ్చేటప్పుడు అది సంచిలా రాదు. ఓక్ బెరడుతో పదును పెట్టిన తోలు (మన దగ్గర తంగేడు చెక్క వాడినట్టే) నిలుస్తుంది. నార దారం నిలవదు. కుట్లు పోయి చిల్లులే మిగులుతాయి. నల్లటి ముక్కని చేతిలో పెట్టుకుని, చిల్లులు, ముడతలు చూసి ఇది సంచా, ఇంకేమన్నానా అని తేల్చుకోవాలి. లాగ్స్ లేకుండా డీబగ్గింగ్ అన్నమాట. కంచుదైతే ఆ బాధ లేదు. పక్కనే కనిపించే బార్కోంబ్ కొండ మీది రాతిగనిలో 1837లో చేతికి తొడుక్కునే కంచు పర్సు దొరికింది, లోపల 3 బంగారు, 60 వెండి నాణేలతో సహా.

ఇక్కడే దొరికిన చెక్కపలక ఉత్తరాల్లో ఆక్టేవియస్ అనే వ్యాపారిది ఒకటుంది. ధాన్యం కొన్నాను, కనీసం 500 దినారీలు పంపు, లేకపోతే ఇచ్చిన బయానా పోతుంది, పరువూ పోతుంది అని మొత్తుకుంటాడు. తోళ్లు తెచ్చుకుందామంటే రోడ్లు బాలేవట. ఆ ఉత్తరం గురించి చదువుతూ చాలాసేపు అక్కడే నిలబడిపోయా.

పడమటగా కొన్ని మైళ్ల దూరంలో మాగ్నా అని ఇంకో కోట ఉంది. అక్కడ తడి పొరలు ఆరిపోతున్నాయన్న భయంతోనే 2023లో తవ్వకాలు మొదలుపెట్టారు. తడి ఆరి గాలి తగిలిందంటే తోలు ఎన్నో రోజులు ఆగదు.

బస్సు కోసం నిలబడి నాన్నకి ఫోన్ చేశా. అవ్వ తిత్తిలో అరలెన్ని అని అడిగా. ఆయన కాసేపు ఆలోచించి, ‘మూడు’ అన్నాడు. వెనకనుంచి అమ్మ, ‘కాదు, నాలుగు. సున్నానికి వేరేగా చిన్నది ఉండేది’ అంది.